డ్రిల్లింగ్‌కి ముందు ఫ్రాక్చర్ ప్రెషర్ అంచనా వేయడం ఎలా

బావిలో మడ్ వెయిట్, అంటే తవ్వేటప్పుడు బావిని నింపి ఉంచే బురద ద్రవం సాంద్రత, తక్కువైతే రాళ్ళలో ఉన్న గ్యాసో నీరో లోపలికి తన్నుకొస్తుంది. ఎక్కువైతే రాయి పగిలి మడ్ ఆ పగుల్లోకి పోతుంది. మొదటిదాన్ని కిక్ అంటారు, రెండోదాన్ని లాస్ అంటారు. రెండూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ ఒకటి రెండోదాన్ని వెంట తెస్తుంది. కింద మడ్ పోతే పైన మట్టం పడిపోతుంది. మట్టం పడిపోతే ఇంకో పొరలోంచి గ్యాస్ వస్తుంది. బావి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో అంటుకున్న బావి రెండు నెలలకు పైగా మండింది.

కాకినాడలోనో విశాఖలోనో పెట్రోలియం ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళకీ, కొత్తగా రిగ్ మీదికి వెళ్ళినవాళ్ళకీ పనికొచ్చేలా, ఈ ఫ్రాక్చర్ ప్రెషర్ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వరసగా చెబుతాను. ముందే ఒక్క మాట మనసులో పెట్టుకోండి. రాయి పగిలే ఒత్తిడి ఆ రాయికి పుట్టుకతో వచ్చిన స్థిరమైన అంకె కాదు. దాని రంధ్రాల్లోని ఒత్తిడి, అంటే పోర్ ప్రెషర్, మారినప్పుడల్లా అదీ మారుతుంది. తప్పుడు అంచనాల్లో చాలావాటికి మూలం ఈ సంగతి మరిచిపోవడమే.

లెక్కలన్నీ మన ల్యాండ్ రిగ్‌ల మీద వాడే కొలతల్లోనే చేద్దాం. లోతు మీటర్లలో, మడ్ వెయిట్ స్పెసిఫిక్ గ్రావిటీలో, ఒత్తిడి కేఎస్‌సీలో, అంటే చదరపు సెంటీమీటరుకు కిలోల్లో. మడ్ వెయిట్‌ని లోతుతో హెచ్చించి 10తో భాగిస్తే కేఎస్‌సీ వస్తుంది. 1.20 మడ్ 1500 మీటర్ల దగ్గర 180 కేఎస్‌సీ ఇస్తుంది. లోతు ఎప్పుడూ నిలువు లోతే తీసుకోవాలి. ఏటవాలు బావిలో కొలిచిన పొడవు వేస్తే లెక్కంతా పాడవుతుంది.

మొదటి అడుగు: పైనున్న బరువు

ముందు ఓవర్‌బర్డెన్ కావాలి. అంటే ఆ లోతు పైనున్న రాళ్ళూ వాటిలోని నీరూ కలిపి మోపే బరువు. పక్క బావిలో డెన్సిటీ లాగ్ (లోతు వారీగా రాతి సాంద్రత కొలిచిన రికార్డు) ఉంటే పైనుంచి కిందికి ఒక్కో పొర మందాన్ని దాని సాంద్రతతో హెచ్చించి కూడుకుంటూ రండి. పై కొన్ని వందల మీటర్లకు సాధారణంగా డెన్సిటీ లాగ్ ఉండదు. అక్కడ సోనిక్ వేగమో సీస్మిక్ వేగమో తీసుకుని గార్డ్‌నర్ సూత్రం వాడతారు. సెకనుకు అడుగుల్లో ఉన్న వేగానికి నాలుగో మూలం తీసి 0.23తో హెచ్చించాలి. వేగం 10,000 అయితే నాలుగో మూలం 10, సాంద్రత 2.30. లోతట్టు షేల్‌కి, అంటే బంకమట్టి గట్టిపడి అయిన రాయికి, ఇది సరిపోయే అంకే. మెత్తటి పై మట్టికి మాత్రం ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి.

సముద్రంలో ఈ అడుగే అన్నిటికంటే ముఖ్యం. 1000 మీటర్ల నీటి కింద, సముద్రపు అడుగు నుంచి 500 మీటర్ల లోతులో ఒక పొర ఉందనుకోండి. మట్టి సగటు సాంద్రత 1.90, సముద్రపు నీరు 1.03. నీరు 103 కేఎస్‌సీ, మట్టి 95, మొత్తం 198. పోర్ ప్రెషర్ మామూలుగా ఉంటే 154.5. తేడా 43.5. ఇందులో 0.7 వంతు పక్కల నుంచి నొక్కే బిగువు అనుకుంటే రాయి 185 కేఎస్‌సీ దగ్గర పగులుతుంది. నీటి మట్టం నుంచి 1500 మీటర్లకు లెక్కేస్తే అది 1.23 మడ్ వెయిట్. అదే మట్టి, అదే 500 మీటర్లు నేల మీద అయితే 1.64 దాకా ఆగుతుంది. రాయి బలంలో తేడా ఏమీ లేదు. నీరు తేలిక కాబట్టి పోర్ ప్రెషర్‌కీ ఫ్రాక్చర్ ప్రెషర్‌కీ మధ్య సందు ఇరుకైపోయింది, అంతే. కృష్ణా గోదావరి లోతు సముద్ర బావుల్లో పైభాగానికే అన్నేసి కేసింగ్‌లు (బావి గోడకి సిమెంట్‌తో బిగించే ఉక్కు గొట్టాలు) ఎందుకు దించాలో ఈ చిన్న లెక్కతో తెలిసిపోతుంది.

రెండో అడుగు: పోర్ ప్రెషర్

దీని మీద ఎంత టైం పెట్టినా తక్కువే. ఇది తప్పితే ఆ తర్వాతిదంతా తప్పుతుంది.

షేల్ మామూలుగా నొక్కుకుపోతూ వస్తే లోతుతో పాటు సోనిక్ ట్రాన్సిట్ టైం, అంటే రాయిలో ధ్వని ఒక అడుగు దాటడానికి పట్టే సమయం, తగ్గుతూ రావాలి. లోపలి నీరు బయటికి పోలేక ఇరుక్కుపోతే ఆ తగ్గుదల ఆగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది. మన వైపు రాఘవాపురం షేల్ ఇలాంటి ఎక్కువ ఒత్తిడికి పేరుమోసిన పొర. ముందు శుభ్రమైన షేల్ పాయింట్లు మాత్రమే ఏరుకుని మామూలు ధోరణి గీత గీయండి. తర్వాత ఈటన్ పద్ధతి వాడండి. ఓవర్‌బర్డెన్‌లోంచి మామూలు పోర్ ప్రెషర్ తీసేయాలి. ఆ తేడాని, మామూలు ట్రాన్సిట్ టైంని కొలిచిన టైంతో భాగించగా వచ్చిన అంకె ఘనంతో హెచ్చించాలి. వచ్చినదాన్ని మళ్ళీ ఓవర్‌బర్డెన్‌లోంచి తీసేయాలి.

ఒక ఉదాహరణ వేద్దాం. లోతు 3000 మీటర్లు. ఒత్తిడుల్ని వాటికి సమానమైన మడ్ వెయిట్‌గా రాస్తే ఓవర్‌బర్డెన్ 2.30, మామూలు పోర్ ప్రెషర్ 1.03, తేడా 1.27. గీత ప్రకారం ట్రాన్సిట్ టైం 86 ఉండాలి, లాగ్‌లో 98 ఉంది. 86ని 98తో భాగిస్తే 0.878, దాని ఘనం 0.676. 1.27ని దాంతో హెచ్చిస్తే 0.86. 2.30లోంచి తీస్తే 1.44. అంటే 432 కేఎస్‌సీ. రెసిస్టివిటీతో, అంటే రాయి విద్యుత్తుకి ఇచ్చే నిరోధంతో, చేస్తే ఘనం బదులు 1.2 ఘాతం వాడతారు, అప్పుడు కొలిచిన విలువ పైన, మామూలు విలువ కింద ఉంటాయి. డ్రిల్లింగ్ నడుస్తుండగా మడ్ లాగర్ డీసీ ఎక్స్‌పోనెంట్‌తో (తవ్వే వేగం, బిట్ మీది బరువు లాంటివాటి నుంచి కట్టే అంకె) ఇదే పని చేస్తూ ఉంటాడు.

ఈ పద్ధతులన్నీ షేల్‌కే. ఇసుకరాతి పొరలో ఒత్తిడి కావాలంటే పక్క బావుల్లో ఫార్మేషన్ టెస్టర్‌తో కొలిచిన విలువలు చూడండి. ఏ తేదీన కొలిచారో కూడా చూడండి. ఆ తేదీ ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మూడో అడుగు: పక్కల బిగువు నిష్పత్తి

రాయిలో పగులు దాదాపుగా ఎప్పుడూ దాన్ని అతి తక్కువగా నొక్కే దిక్కుకి లంబంగా సాగుతుంది. సాగుడులో ఉన్న బేసిన్లలో ఆ తక్కువ నొక్కుడు పక్కల నుంచి వచ్చేది, కాబట్టి పగులు నిలువుగా వస్తుంది. హబర్ట్, విల్లిస్ 1957లో ఈ సంగతి తేల్చారు. పోర్ ప్రెషర్‌కి పైన మిగిలిన ఓవర్‌బర్డెన్‌లో కనీసం మూడో వంతు పక్కలకు వెళ్తుందని వాళ్ళ లెక్క. 1967లో మాథ్యూస్, కెల్లీ ఆ వంతు లోతుతో మారుతుందన్నారు. 1969లో ఈటన్ దాన్ని పాయిజాన్ నిష్పత్తితో (రాయిని ఒక వైపు నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) ముడిపెట్టాడు. పేర్లు వేరు గానీ సూత్రం రూపం ఒక్కటే. ఓవర్‌బర్డెన్‌లోంచి పోర్ ప్రెషర్ తీసి, నిష్పత్తితో హెచ్చించి, మళ్ళీ పోర్ ప్రెషర్ కలపాలి. ఈటన్ పద్ధతిలో ఆ నిష్పత్తి కోసం పాయిజాన్ విలువని, ఒకటిలోంచి అదే విలువ తీసేయగా మిగిలినదాంతో భాగిస్తారు. పాయిజాన్ 0.25 అయితే నిష్పత్తి 0.333, 0.40 అయితే 0.667.

ఇక్కడ కొత్తవాళ్ళు పడే గుంట ఒకటుంది. ఈటన్ పుస్తకపు గీతలు అమెరికా గల్ఫ్ తీరపు బావుల్లో వచ్చిన ఫలితాలకు సరిపోయేలా గీసినవి. ల్యాబ్‌లో రాతి ముక్క మీద కొలిచిన పాయిజాన్ విలువ తెచ్చి అందులో వేయకూడదు, గల్ఫ్ గీతని తెచ్చి గోదావరి మీద పెట్టనూ కూడదు. మీ ఫీల్డ్ నిష్పత్తిని మీ ఫీల్డ్ లీక్ ఆఫ్ టెస్టుల (రాయి మడ్ తాగడం మొదలుపెట్టేదాకా ఒత్తిడి పెంచి చూసే టెస్టుల) నుంచే వెనక్కి లెక్కేసి తెచ్చుకోవాలి. పక్క బావిలో 1500 మీటర్ల షూ (కేసింగ్ కింది కొస) దగ్గర లీక్ ఆఫ్ 1.70 వచ్చిందనుకోండి. అక్కడ పోర్ ప్రెషర్ 1.03, ఓవర్‌బర్డెన్ 2.12. 1.70లోంచి 1.03 తీస్తే 0.67. 2.12లోంచి 1.03 తీస్తే 1.09. భాగిస్తే 0.615. ఇలా దొరికిన బావులన్నిటికీ చేసి, లోతు మీద కాకుండా పొరల పేర్ల మీద సర్దుకోండి. నర్సాపురం క్లేస్టోన్‌లో వచ్చినవి ఒకచోట, వడపర్రు షేల్‌లో వచ్చినవి ఒకచోట, రాఘవాపురంలో వచ్చినవి ఇంకోచోట. పొరల వారీగా విడగొట్టగానే అప్పటిదాకా చెల్లాచెదురుగా కనిపించిన చుక్కలు చాలావరకు సర్దుకుంటాయి.

సర్దేటప్పుడు రెండు రకాల టెస్టులు పక్కన పెట్టండి. ఫార్మేషన్ ఇంటెగ్రిటీ టెస్ట్ అంటే ముందే అనుకున్న ఒత్తిడి దాకా వెళ్ళి ఆగిపోవడం. అక్కడ రాయి పగల్లేదు. కాబట్టి ఆ అంకె కింది హద్దు మాత్రమే, దాన్ని ఫ్రాక్చర్ విలువగా వేస్తే నిష్పత్తి తక్కువగా వస్తుంది. రెండోది, సిమెంట్ సరిగ్గా పట్టని షూ దగ్గర చేసిన టెస్ట్. అక్కడ లీకైంది రాయి కాదు, సిమెంట్ పక్కన ఉన్న దారి. పాత రిపోర్టుల్లో ఈ రెండూ ఎల్‌ఓటీ, అంటే లీక్ ఆఫ్ టెస్ట్, అనే పేరుతోనే ఉంటాయి. గ్రాఫ్ దొరికితే గ్రాఫ్ చూసి తేల్చండి. ఒట్టి అంకె మాత్రమే ఉంటే అనుమానించండి.

నాలుగో అడుగు: షేల్‌కి ఒక గీత, ఇసుకరాయికి ఇంకో గీత

నా మట్టుకు నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న అడుగు ఇదే. చాలా డ్రిల్లింగ్ ప్రోగ్రాముల్లో ఫ్రాక్చర్ గ్రేడియెంట్ ఒకే గీతగా కనిపిస్తుంది. అది చాలాసార్లు షేల్ గీత. ఎందుకంటే లీక్ ఆఫ్ టెస్టులు జరిగేది షేల్‌లో దించిన షూ దగ్గరే. ఆ కింద వచ్చే ఇసుకరాయి అంతకంటే బలహీనం.

ఇందాకటి 3000 మీటర్ల ఉదాహరణే తీసుకుందాం. ఓవర్‌బర్డెన్ 690 కేఎస్‌సీ, పోర్ ప్రెషర్ 432, తేడా 258. షేల్‌కి నిష్పత్తి 0.667 వేస్తే 172, దానికి 432 కలిపితే 604 కేఎస్‌సీ. అంటే 2.01. అదే లోతులో ఇసుకరాయికి 0.333 వేస్తే 86, దానికి 432 కలిపితే 518. అంటే 1.73. షేల్ గీత చూసి 1.80 మడ్‌తో ధైర్యంగా వెళ్తే ఇసుకరాయి తగిలిన చోట మడ్ పోతుంది.

ఇప్పుడు ఆ ఇసుకరాయిలోంచి పక్క బావులు ఏళ్ళ తరబడి గ్యాస్ తీశాయనుకోండి. ఒత్తిడి 140 కేఎస్‌సీ పడిపోయి 292కి వచ్చింది. ఇప్పుడు తేడా 398, అందులో మూడో వంతు 132.7, 292 కలిపితే 424.7. మడ్ వెయిట్‌లో 1.42. చుట్టూ ఉన్న షేల్‌లో పోర్ ప్రెషర్ ఇంకా 1.44 దగ్గరే ఉంది, ఎందుకంటే షేల్‌లోంచి గ్యాస్ అంత తేలిగ్గా బయటికి రాదు. షేల్‌ని పట్టి ఉంచాలంటే 1.44 దాటాలి, ఇసుకరాయిని పగలనివ్వకూడదంటే 1.42 దాటకూడదు. సందే లేదు. ఆ రెండు పొరల్నీ ఒకే కేసింగ్ సెక్షన్‌లో మామూలు మడ్‌తో తవ్వడం కుదరదు. మధ్యలో కేసింగ్ దించాలి, లేదా పగుళ్ళని మూసే పదార్థాలు మడ్‌లో కలిపి ఇసుకరాతి గోడని గట్టిపరచుకోవాలి, లేదా మేనేజ్డ్ ప్రెషర్ డ్రిల్లింగ్‌కి (బావి పైభాగాన్ని మూసి, పైనుంచే ఒత్తిడిని అదుపు చేస్తూ తవ్వే పద్ధతి) పోవాలి. ఏది చేసినా బావి మొదలుపెట్టక ముందే తెలిసి ఉండాలి. పోర్ ప్రెషర్ కొలిచిన తేదీ చూడమన్నది ఇందుకే. పదిహేనేళ్ళ కిందటి విలువతో వేసిన గీత ఆనాటి బావికి సరిపోతుంది, ఇవాళ్టి బావికి సరిపోదు.

పగుళ్ళున్న సున్నపురాయికీ, బసాల్ట్‌కీ ఈ సూత్రాలు పట్టవు. అక్కడ పగులు ముందే ఉంది, కొత్తగా పగలాల్సిన పని లేదు. పక్క బావుల్లో ఎంత మడ్ వెయిట్‌కి లాసెస్ వచ్చాయో అదే మీ హద్దు. రాళ్ళు గట్టిగా నొక్కుకుపోతున్న హిమాలయాల దిగువ ప్రాంతాల్లో అయితే అతి తక్కువ నొక్కుడు పైనుంచి వచ్చేదే కావచ్చు. అప్పుడు ఫ్రాక్చర్ ప్రెషర్ ఓవర్‌బర్డెన్ దాకా పోతుంది.

ఐదో అడుగు: రిగ్ మీద సరిచూడటం

కాగితం మీది గీతని రాయి ఒప్పుకుందో లేదో లీక్ ఆఫ్ టెస్ట్ చెబుతుంది. కేసింగ్ సిమెంట్ చేశాక షూ కింద మూడు నుంచి ఐదు మీటర్ల కొత్త రాయి తవ్వండి. లోపలికి వెళ్ళే మడ్, బయటికి వచ్చే మడ్ ఒకే వెయిట్ అయ్యేదాకా సర్క్యులేట్ చేయండి. తొందరలో చాలామంది దీన్ని కుదించేస్తారు, తీరా చూస్తే టెస్ట్ మొత్తం వృథా అవుతుంది. బిట్‌ని కేసింగ్‌లోకి లాగి, బీఓపీ (బావి మూతి మూసే కవాటాల వరస) మూసి, సిమెంటింగ్ పంపుతో నిమిషానికి పావు బ్యారెల్ చొప్పున ఎక్కించండి. రిగ్ మడ్ పంపు వాడకండి, అది అంత నెమ్మదిగా నిలకడగా నడవదు.

1500 మీటర్ల దగ్గర 13 3/8 అంగుళాల కేసింగ్, లోపల 1.20 మడ్ అనుకుందాం. ప్రతి పావు బ్యారెల్‌కి, అంటే దాదాపు 40 లీటర్లకి, ఒత్తిడి ఏడెనిమిది కేఎస్‌సీ పెరుగుతూ పోతుంది. గ్రాఫ్ కాగితం మీద చుక్కలు తిన్నటి గీతగా వస్తాయి. పది సార్లు ఎక్కించాక 75 దగ్గర ఉన్నారు. తర్వాతి 40 లీటర్లకి మూడే పెరిగింది. గీత వంగింది. రాయి మడ్ తాగడం మొదలుపెట్టింది. ఇంకో రెండు చుక్కలు చూసి పంపు ఆపేయండి, పూర్తిగా పగిలేదాకా పోనక్కర్లేదు. ఆపిన క్షణంలో ఒత్తిడి ఎంతుందో, తర్వాత పది నిమిషాల్లో ఎలా తగ్గిందో రాసుకోండి. మెల్లగా వదిలేసినప్పుడు ఎన్ని లీటర్లు వెనక్కి వచ్చాయో కూడా కొలవండి. ఎక్కించినదానిలో ఎక్కువ భాగం తిరిగొస్తే మంచి సూచన.

180కి 75 కలిపితే 255 కేఎస్‌సీ, 1500 మీటర్లకు 1.70. మీ అంచనా 1.72 అనుకుంటే బాగానే ఉన్నట్టు. 1.55 వస్తే ఆగాలి. సిమెంట్ బాగాలేదా, షూ ఇసుకలో పడిందా, అంచనాలో నిష్పత్తి తప్పా అని తేల్చుకుని, కింది సెక్షన్ గీత మొత్తం మళ్ళీ గీయాలి. ఒక్క చుక్క మార్చి వదిలేస్తే సరిపోదు.

ఆరో అడుగు: సందులో ఏమేం పడుతుందో లెక్కేయడం

ఫ్రాక్చర్ ప్రెషర్ తెలిసింది గదా అని మడ్ వెయిట్‌ని దాని అంచుదాకా పెంచకూడదు. పంపులు నడుస్తున్నప్పుడు యాన్యులస్‌లో (డ్రిల్ పైపుకీ బావి గోడకీ మధ్య ఖాళీలో) రాపిడి వల్ల ఒత్తిడి కలుస్తుంది. 3000 మీటర్ల దగ్గర ఆ రాపిడి 12 కేఎస్‌సీ అయితే 1.45 మడ్ రాయికి 1.49లా తగులుతుంది. పైపుని గబగబా దించితే ఇంకొంచెం. చాలాసేపు ఆగిన మడ్ గట్టిపడ్డాక పంపుని ఒక్కసారిగా పూర్తి వేగంతో మొదలుపెడితే ఇంకొంచెం. అమెరికా సముద్ర బావుల నియమాల్లో మామూలుగా 0.5 పీపీజీ (గ్యాలన్‌కు పౌండ్లు), అంటే సుమారు 0.06 తేడా ఉంచమనడం ఈ చిల్లర ఖర్చులన్నిటికీ చోటు ఉండాలనే. 2010లో అమెరికా గల్ఫ్ సముద్రంలోని మకాండో బావిలో కింది భాగం ఎంత ఇరుకైందంటే, 20,200 అడుగులు అనుకున్న బావిని 18,360 దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత సిమెంట్ డిజైన్‌ని కూడా ఆ ఇరుకే శాసించింది. ఏప్రిల్ 20 రాత్రి ఆ రిగ్ మీద 11 మంది చనిపోయారు. ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటి వెనక ఈ ఇరుకు సందు ఉంది.

ఆఖరి లెక్క కిక్‌ది. దీన్ని వేయకుండా కేసింగ్ లోతు ఖాయం చేయకండి. షూ 1500 దగ్గర, బలం 1.70, బావి 3000కి వచ్చింది, మడ్ 1.47. అనుకోకుండా 1.52 ఒత్తిడి ఉన్న ఇసుక తగిలి 100 మీటర్ల ఎత్తు గ్యాస్ లోపలికి వచ్చింది. గ్యాస్ సాంద్రత 0.2 అనుకుందాం. బావి మూయగానే షూ దగ్గర ఒత్తిడి 248 కేఎస్‌సీ. షూ 255 దాకా ఆగుతుంది. ఫర్వాలేదనిపిస్తుంది. కానీ ఆ గ్యాస్‌ని పైకి సర్క్యులేట్ చేస్తుంటే అది వ్యాకోచిస్తుంది. బుడగ తల షూ దాకా వచ్చేసరికి 100 మీటర్లు కాస్తా దాదాపు 176 మీటర్లవుతుంది, షూ దగ్గర ఒత్తిడి 259కి చేరుతుంది. షూ పగులుతుంది. మూసినప్పుడు నిలబడిన బావి కిక్‌ని బయటికి పంపేటప్పుడు నిలబడదు. అంటే ఆ కేసింగ్ షూ ఇంకా లోతుకి దిగాలి, లేదా మధ్యలో ఇంకో కేసింగ్ కావాలి.

ఈ లెక్కలన్నీ ఒక్క విలువతో కాకుండా తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు విలువలతో వేయండి. కేసింగ్ లోతుని మధ్య విలువ మీద నిర్ణయించి, తక్కువ విలువ నిజమైతే ఏం చేస్తారో ప్రోగ్రాంలోనే రాసిపెట్టండి. బావి ముగిశాక ప్రతి షూ దగ్గర టెస్ట్ గ్రాఫ్, మడ్ వెయిట్, నిలువు లోతు, పొర పేరు, ఆ తేదీకి ఉన్న పోర్ ప్రెషర్, అది లీక్ ఆఫ్ టెస్టా ఇంటెగ్రిటీ టెస్టా అన్న సంగతి ఒకే పేజీలో పెట్టి ఫైల్ చేయండి. తర్వాతి బావి డిజైన్ చేసేవాళ్ళు మూడో అడుగు దగ్గర వెతికేది ఆ పేజీనే.